బొగ్గుల అర్రకు లైటు పెట్టించిన వైనం

మా ఇంటి వెనకవైపు గదిని కట్టించినవారు బొగ్గు కోసం కట్టించారు, మనుషుల కోసం కాదు. ఒకప్పుడు గోదావరిఖనిలో వంటంతా బొగ్గుల పొయ్యి మీదే సాగేది కనుక ఆనాటి ఇళ్ళకు వెనకాల ఒక బొగ్గుల అర్ర ఉండేది. బొగ్గుకు వెలుతురుతో పని లేదు. అందుచేత ఆ గదికి ఒకే కిటికీ, అదీ పార దూరేటంత. స్విచ్చు లేదు, వైరు లేదు, కప్పుకు ఒక కొక్కెమైనా లేదు. గ్యాసు వచ్చాక బొగ్గు వెళ్ళిపోయింది, పేరు మాత్రం మిగిలింది. ఈ ఇల్లు కొన్న తరువాత ఆ గదికి మూడుసార్లు సున్నం వేయించాను. మూడుసార్లూ ఆ గోడలు నెల తిరక్కుండానే తమ పూర్వాశ్రమాన్ని గుర్తు చేసుకున్నాయి.

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవానికి ఇంట్లో అధికారం ఎంత ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. పొద్దుగూకిన తరువాత ముందు గది నా భార్య సీరియళ్ళ పాలనలోకి వెళ్తుంది. నేను ఒక మూల కూర్చొని చదువుకుంటూ, తెర మీది పాత్రల ఉచ్చారణను అప్పుడప్పుడు సరిదిద్దేవాణ్ణి. ఆమె కొంతకాలం సహించింది. ఒకనాడు తీర్పు చెప్పింది.

"మీరు, మీ పుస్తకాలు ఆ అర్రల కూసోండ్రి. మీ గునుగుడుకు నాకు టీవీ ఇనవడ్తలేదు."

అలా నా రెండు బీరువాలూ, నేనూ బొగ్గుల అర్రకు బదిలీ అయ్యాము. మా డాబా మీద నిలబడితే థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు కనబడతాయి. ఎక్కడెక్కడి ఊళ్ళకో కరెంటు పంపే ఊళ్ళో నేను టార్చిలైటు చంకన పెట్టుకొని నిఘంటువు వెతుక్కునేవాణ్ణి.

ఏ పనైనా కాగితం మీద మొదలు కావాలన్నది నా నమ్మకం. గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఒక ప్రణాళిక రాశాను. రెండు కర్ణాలు ఖండించుకునే బిందువు దగ్గర, అంటే కప్పుకు నట్టనడుమ, లైటు ఉండాలి. ముందు గది స్విచ్చుబోర్డు నుంచి గోడకు రంధ్రం చేసి వైరు తేవాలి. వైరు కనబడకుండా పట్టీలో పోవాలి, పట్టీ వంకర పోకూడదు. మూడు ప్రతులు తయారు చేశాను: ఒకటి ఎలక్ట్రీషియనుకు, ఒకటి నాకు, ఒకటి ఫైలుకు.

బజారు ఎలక్ట్రీషియను నాలుగు రోజుల పాటు ఫోనులో "తొవ్వల ఉన్న సార్" అన్నాడు. ఆ మాట నిజమైతే ఆయన బెల్లంపల్లి నుంచి కాలినడకన వస్తూ ఉండాలి. ఐదో రోజు వచ్చాడు. నా ప్రణాళికను అందుకొని, చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న స్టూలు కాలి కింద దూర్చాడు.

"ఇగ ఊగది సార్," అన్నాడు తృప్తిగా.

గోడకు రంధ్రం చేయడం ఆయనకు ఇష్టం లేదు.

"కిటికీలకెంచి గుంజుదం. ఒక్క మొల కొడ్తె అయిపోతది."

"వాన వస్తే?"

"వానొస్తె లైటెయ్యకుండ్రి."

ఆయన పెరట్లో కిటికీ పక్కన స్టూలు ఎక్కి ఉండగా ఈ సంభాషణ జరుగుతోంది. అప్పుడే ప్రహరీగోడ అవతలి నుంచి పొరుగాయన గొంతు వినబడింది. "ఓ తమ్మీ, దిగు. గా స్టూలు దిగి ఇంటికి వో. లైటు పెడ్తున్నవా, ఉరితాడు గడ్తున్నవా?"

ఎలక్ట్రీషియను అలిగి వెళ్ళిపోయాడు. స్టూలు కింది నుంచి నా కాగితాన్ని నేనే తీసుకున్నాను.

ఈ పొరుగాయన బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు భూగర్భ ఎలక్ట్రీషియనుగా పనిచేసినవాడు. ఎనిమిది నెలల కిందట మెడికల్ బోర్డు ఆయనను అన్‌ఫిట్ అని తేల్చింది. మా ప్రాంతంలో ఆ మాట విని ఎవరూ సానుభూతి చూపరు, అభినందిస్తారు. తండ్రి పనికి అనర్హుడైతే కొడుకుకు ఉద్యోగం ఇస్తారు కనుక. పొరుగాయన కొడుకు డిగ్రీ ముగించి మూడేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. అది వచ్చేలోగా తండ్రి ఆరోగ్యంగా ఉన్నట్టు ఎవరి కంటైనా పడితే, విచారణ మొదలవుతుంది.

పడకుండా ఉండటం తేలిక కాదు. బొగ్గు ప్రాంతంలో రచయితలు తక్కువని బాధపడేవారు ఇక్కడి ఆకాశరామన్న ఉత్తరాలను చదివి ఉండరు. ఎవడో అన్‌ఫిట్ అయినవాడు పెళ్ళి ఊరేగింపులో రెండు అడుగులు వేశాడని ఒక ఉత్తరం పోతే, వాళ్ళ ఇంట్లో ఉద్యోగం నెలల తరబడి ఆగిపోయింది. అప్పటి నుంచి అన్‌ఫిట్ అయినవారు పెళ్ళిళ్ళలో భోజనం కూడా మూలుగుతూ చేస్తున్నారు. మా పొరుగాయన ఎనిమిది నెలలుగా వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటున్నాడు. వీధిలోకి వస్తే గోడ పట్టుకొని నడుస్తాడు. తన డాబా మెట్లు సైతం ఎక్కలేదు, ఎదురింటివాళ్ళు చూస్తారని.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. తలుపు మూయగానే నడుము నిలిపి, గొంతు పెంచాడు.

"సారూ, గా కిటికీ వైరు యాదికొస్తె నాకు నిద్ర పట్టది. నేను జేస్త మీ పని. చేతులు గుంజుతున్నయి."

"మీరు అన్‌ఫిట్ కదా?"

"నాకేమైంది సారూ? డాక్టరు మోకాలు వంచుమన్నడు, నేను వాయమ్మో అన్న. రాసిండు. ఇంకో పదేండ్లు డ్యూటీ జేస్త నేను. కని తలుపులు మూసి జేద్దం. ఎవ్వలన్న సూస్తె పోరని నౌకరి మన్నైతది."

నేను ఆలోచనలో పడ్డాను. నా ఇంట్లో దొంగచాటుగా ఏ పనీ జరగదు. సర్వీసు కాలమంతా పిల్లలకు సత్యం పలకమని చెప్పి, ఇప్పుడు తలుపు గడియ పెట్టి ఒక అనర్హుని చేత నిచ్చెన ఎక్కించలేను. వేరే ఎలక్ట్రీషియనును పిలిస్తే నా నిఘంటువు మీద వాన కురుస్తుంది. చాలాసేపటికి నిబంధనలకు లోబడిన ఒక మార్గం దొరికింది. ఆయన కుర్చీలో కూర్చొని చెబుతాడు, నేను నిచ్చెన ఎక్కి చేస్తాను. కుర్చీలో కూర్చొని మాట్లాడటం అనర్హతకు ఏ విధంగానూ విరుద్ధం కాదు. ఎన్నో కార్యాలయాలు ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

నా భార్యకు ఈ ఏర్పాటు నచ్చలేదు.

"డెబ్బై రెండేండ్లకు నిచ్చెనెక్కుతరా? కింద వడితె మిమ్ముల గుడ అన్‌ఫిట్ జేస్తరు. మన ఇంట్ల నౌకరి గుడ ఎవ్వలకియ్యరు."

మరునాడు ఉదయం పని మొదలైంది. పొరుగాయన కుర్చీని గది గుమ్మం దగ్గర వేయించుకున్నాడు. మొదటి ఆజ్ఞ మెయిన్ ఆపడం. ఆపితే చాలదన్నాడు. ఫ్యూజు ఊడబీకించి తన జేబులో వేసుకున్నాడు.

"ఫ్యూజు నా జేబుల ఉంటెనే మీ పానం మీ దగ్గర ఉన్నట్టు," అన్నాడు.

"ఫ్రిజ్జుల పాలు ఇరుగుతయి తమ్మీ," అని వంటింట్లో నుంచి నా భార్య.

"పాలు ఇరిగితె కోవ జేసుకోవచ్చక్కా. సారు ఇరిగితె ఏం జేస్తవు?"

మెయిన్ దగ్గర ఒక బోర్డు వేలాడదీయమన్నాడు. "పని జరుగుచున్నది. స్విచ్చు ముట్టరాదు" అని పెద్ద అక్షరాలతో రాశాను. కింద సంతకం, తేదీ, సమయం వేయమన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు అపారమైన గౌరవం కలిగింది. నేను సిబ్బంది సమావేశాల్లో ఎన్నేళ్ళు ప్రాధేయపడినా తేదీ వేయకుండా సంతకం చేసిన ఉపాధ్యాయులు నాకు తెలుసు.

ఆ గౌరవం పది నిమిషాలు నిలిచింది. నేను నిచ్చెన ఎక్కి కర్ణాలు ఖండించుకునే బిందువు దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టగానే, ఆయన నా చేతికి ఒక ఇనుప కడ్డీ అందించాడు.

"ముందుగాల కప్పు తట్టుండ్రి. సప్పుడు ఇనాలె."

"ఇది ఇల్లు. బొగ్గుబాయి కాదు."

"కప్పు కప్పే సారూ. మీద వడేదానికి ఇల్లా, బాయా అని తెల్వది."

భూమి కింద పనిలోకి దిగినవారు ముందుగా నెత్తి మీది పొరను కడ్డీతో తట్టి, శబ్దం విని, ఆ తరువాతే దాని కింద నిలబడతారట. గంట మాదిరి మోగితే మంచి కప్పు, డప్పు మాదిరి మోగితే చెడ్డ కప్పు. నేను తట్టాను. గోడల పక్కన కప్పు గంటలా మోగింది. గదికి నట్టనడుమ, సరిగ్గా నా పెన్సిలు గుర్తు దగ్గర, స్పష్టంగా డప్పులా మోగింది. ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం పేలుడు జరిగినప్పుడల్లా మా ఇంట్లో గిన్నెలు కదులుతాయి. కప్పు కూడా కదిలి, లోపల సున్నపు పొర వదిలిందని ఆయన నిర్ణయం.

"కానీ మధ్యబిందువు ఇదే. రెండు కర్ణాలూ ఇక్కడే కలుస్తున్నాయి," అన్నాను.

"కలువనీయుండ్రి. గాడ లైటు పెడ్తె లైటు, సున్నం, మీరు, ముగ్గురు కలిసే దిగుతరు."

రేఖాగణితం ఓడిపోయింది. లైటు స్థానం గుమ్మం వైపు ఒకటిన్నర అడుగు జరిగింది. ఈ సవరణను మూడు ప్రతులలోనూ నమోదు చేసిన తరువాతే బ్యాటరీతో నడిచే డ్రిల్లింగ్ మిషను ముట్టుకున్నాను.

తరువాతి రెండు గంటల గురించి వివరంగా రాయడం నా హోదాకు మంచిది కాదు. నోట్లో సున్నం, కళ్ళలో సున్నం, కింద కుర్చీలో పొరుగాయన.

"గట్టిగ పట్టుండ్రి సారూ, సుద్దముక్క గాదది!"

"పట్టీ వంకర వోతున్నది. ఇదేనా మీరు పోరగాండ్లకు నేర్పిన సరళరేఖ?"

"ఎడమకు, ఎడమకు... మీ ఎడమ సారూ, నా ఎడమ గాదు!"

మందబుద్ధి పిల్లల పట్ల నేను ఒకప్పుడు వాడిన కంఠస్వరం ఎలా వినబడుతుందో నిచ్చెన మీద నిలబడి మొదటిసారి తెలుసుకున్నాను. అయినా గోడకు రంధ్రం పడింది. పట్టీలు బిగిశాయి. ఎర్ర వైరు, నల్ల వైరు కప్పు మీదికి చేరి, రెండు చివర్లూ కిందికి వేలాడాయి. మిగిలింది ఆ రెండు చివర్లను లైటు పెట్టెలో దూర్చి, ఆవగింజంత స్క్రూలు రెండు బిగించడం.

అక్కడ నేను విఫలుణ్ణయ్యాను. తల వెనక్కి వాలిస్తే కళ్ళద్దాల పై భాగంలోంచి దగ్గరి వస్తువు కనబడదు, కింది భాగంలోంచి చూడాలంటే మెడ తిరగదు. స్క్రూ నాలుగుసార్లు కింద పడింది. మూడుసార్లూ నా భార్య వెతికి ఇచ్చి, నాలుగోసారి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుర్చీలో పొరుగాయన వేళ్ళు గాలిలోనే స్క్రూ తిప్పుతున్నాయి.

"దిగుండ్రి సారూ. రెండు స్క్రూలే. రెండు నిమిషాలు."

నేను దిగాను. అభ్యంతరం చెప్పవలసింది. మెడ నొప్పి పుట్టింది, గదిలో ఇంకెవరూ లేరు. దినమంతా పాటించిన నియమాన్ని రెండు నిమిషాల కోసం పక్కన పెట్టాను.

ఆయన ముప్పై ఏళ్ళ అలవాటుతో నిచ్చెన మీద చేయి వేసి, ఒకటి, రెండు, మూడు మెట్లు చకచక ఎక్కాడు. నాలుగో మెట్టు మీద ఆగాడు. ఒక స్క్రూ బిగించాడు. ఆ తరువాత స్క్రూడ్రైవరు ఆ చేతిలోనే ఉంది గాని తిరగడం లేదు. రెండు చేతులతో నిచ్చెనను వాటేసుకున్నాడు.

"సారూ... మోకాలు వంగుతలేదు."

"ఇక్కడ చూసేవారెవరూ లేరు. నటన అవసరం లేదు," అన్నాను.

"నటన గాదు సారూ."

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. నా భార్య తీసింది. చేతిలో ఫైలు పట్టుకొన్న ఒక భారీ మనిషి, కంపెనీ కార్యాలయం నుంచి. పొరుగాయన ఇంటికి వెళ్తే ఆయన భార్య భయపడి "సారు ఇంట్ల కూసున్నడు" అని చెప్పిందట. ఎవరో ఉత్తరం రాశారు, ఈ అన్‌ఫిట్ ఎలక్ట్రీషియను ఇళ్ళల్లో వైరింగు పనులు చేస్తున్నాడని. ఆ ఉత్తరం నా పని మొదలు కాకముందే రాసింది. మా ఊరి ఆకాశరామన్నలకు భవిష్యత్తు కూడా తెలుస్తుంది.

అధికారి బొగ్గుల అర్ర గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా నిచ్చెన. నిచ్చెన మీద అన్‌ఫిట్ మనిషి. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు, నెత్తి మీద కొత్త లైటు. పొరుగాయన నా వైపు చూశాడు. ఆ చూపు ఏమి అడుగుతున్నదో నాకు తెలుసు. నేను అబద్ధం ఆడను. ఆడకపోతే ఒక కుటుంబం మూడేళ్ళుగా కాచుకున్న ఉద్యోగం నా ఇంట్లో, నా లైటు కింద పోతుంది. ప్రణాళికలో నేను ఆలోచించని అంశం అదొక్కటే.

"ఏంది పెద్దమనిషీ, మంచిగనే ఎక్కినవు గద!" అన్నాడు అధికారి. "ఇగ దిగు."

"దిగరాదు సార్."

"యాక్టింగ్ జెయ్యకు. దిగు."

అధికారి వెళ్ళి ఆయన కాలు పట్టి కింది మెట్టు మీదికి లాగాడు. పొరుగాయన అరిచాడు. అది డాక్టరు ముందు వాయమ్మో అని అరిచిన అరుపు కాదని ఆ డాక్టరును ఎరుగని నాకు కూడా అర్థమైంది. అధికారి చేయి తీసేశాడు. పొరుగాయన ముఖం మీద చెమట ధారగా కారుతోంది.

తరువాత ఫైలు కింద పెట్టి, అధికారి ఆయనను నడుము దగ్గర పట్టుకున్నాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. నా భార్య కుర్చీ జరిపింది. ఒక్కొక్క మెట్టుకు ఆగుతూ, విచారణాధికారి నిందితుని బరువంతా తన భుజం మీద మోసుకొని దించాడు. దిగేసరికి అధికారి తెల్ల చొక్కా సున్నం కొట్టుకుపోయింది, ఊపిరి ఆడటం లేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అన్‌ఫిట్ అన్నది చెప్పడం కష్టమైంది. పొరుగాయన మోకాలు చూస్తుండగానే ఉబ్బింది.

నీళ్ళు తాగి అధికారి నన్ను వాంగ్మూలం అడిగాడు. నేను తెల్లకాగితం తీసి, మార్జిను గీసి, జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. ఆయన చదివి తల గోక్కున్నాడు.

"నిచ్చెనెక్కిండని గుడ రాసిన్రు గద సార్?"

"ఎక్కాడు."

"గా మాట లేకుంటె మంచిగుంటది."

"దిగలేకపోయాడని కూడా రాశాను. రెండూ జరిగాయి."

అధికారి కాసేపు కాగితాన్నీ, కాసేపు ఆ మోకాలినీ చూశాడు.

"ఉండనీయుండ్రి. నా నడుము గుడ సాక్ష్యం చెప్తది," అని ఫైలు మూసి వెళ్ళిపోయాడు.

నా భార్య వేడినీళ్ళలో ఉప్పు వేసి గుడ్డ ముంచి ఇచ్చింది. పొరుగాయన దాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. కొడుకు ఉద్యోగానికి ఇక ఢోకా లేదని నేను ధైర్యం చెప్పాను. ఆయన విన్నట్టు లేదు.

"నేను యాక్టింగ్ జేస్తున్న అనుకున్న సారూ," అన్నాడు చివరికి. "ఎనిమిది నెల్లు."

మిగిలిన ఆ ఒక్క స్క్రూను మరునాడు నేనే బిగించాను. ముప్పావుగంట పట్టింది. లైటు వెలిగింది. దాని వెలుతురులో సున్నం కింది నలుపు మరింత బాగా కనబడుతున్నది.

నెల తిరిగేసరికి ఆర్డరు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కనుక నా చేత చదివించుకోవడానికి పొరుగాయన బొగ్గుల అర్రకు వచ్చాడు. కొడుకు కంపెనీ దవాఖానలో ఆరోగ్య పరీక్షకు హాజరు కావాలి, అందులో నెగ్గితే భూగర్భ గనిలో చేరాలి. చదివి వినిపించి, అభినందించాను. నా భార్య చక్కెర తెచ్చి చేతిలో పోసింది. ఆయన ఆ చక్కెరను పిడికిట్లోనే పట్టుకొని కూర్చున్నాడు.

"పోరని మోకాళ్ళు సూస్తరా సారూ?"

"చూస్తారు. అన్నీ చూస్తారు."

"ఇప్పుడు మంచిగనే ఉంటయి," అన్నాడు. "ఒక దరఖాస్తు రాయుండ్రి. వానికి మీద డ్యూటీ ఇయ్యాల్నని. కిందికి వద్దని."

కొత్తగా చేరేవారికి అటువంటి కోరిక కోరే హక్కు లేదని, నియమం ప్రకారం అది చెల్లదని వివరించాను. చేతికి వచ్చిన ఉద్యోగానికి మొదటి రోజే షరతు పెట్టడం మర్యాద కాదని కూడా చెప్పాను. ఆయన అన్నింటికీ తల ఊపాడు.

"తెలుసు సారూ. రాయుండ్రి."

కాగితం తీసి మార్జిను గీశాను. సంబోధన, విషయం, తేదీ క్రమం తప్పకుండా రాశాను. దరఖాస్తు అన్నాక కారణం ఉండాలి. ఏ కారణం చూపాలని అడిగాను.

"వాని తండ్రి నిచ్చెనెక్కి దిగలేకపోయిండని రాయుండ్రి."

కార్యాలయాలు అంగీకరించే వాక్యం కాదది. దానికి బదులు రాయదగినవి నాకు నాలుగైదు తెలుసు. ఆయన చెప్పినదే రాసి, సంతకం పెట్టవలసిన చోటు చూపించాను.